కత్తెర పురుగు – రబీ మొక్కజొన్న: మారుతున్న వాతావరణంలో ఒక ఆక్రమణ కీటకం అధ్యయనం, యాజమాన్యం

మొక్కజొన్న మన నేలకు పరాయి పంట. అమెరికా ఖండాల నుంచి సముద్రం దాటి వచ్చి, కొన్ని శతాబ్దాలలో మన పొలాలకూ, పశువుల కొట్టాలకూ, కోళ్ల దాణాకూ అలవాటైపోయింది. అయినా దానిని ఆక్రమణ జాతి అని ఎవరూ అనరు. పరదేశం నుంచి వచ్చిన ప్రతి జీవీ ఆక్రమణ జాతి కాదు. కొత్త చోట మనిషి సాయం లేకుండానే స్థిరపడి, సంతతిని పెంచుకొని, నలుదిక్కులకూ వ్యాపించి, అక్కడి పంటలకు గాని సహజ వృక్ష జంతు సంపదకు గాని నష్టం కలిగించినప్పుడే ఒక జాతిని ఆక్రమణ జాతిగా పరిగణిస్తారు. ఈ నిర్వచనానికి మన కళ్ల ఎదుట నిలిచిన ఉదాహరణ కత్తెర పురుగు. శాస్త్రీయంగా దీని పేరు స్పోడోప్టెరా ఫ్రూజిపెర్డా. పుట్టినింట మొక్కజొన్నను తిని బ్రతికిన ఈ పురుగు, పంట వెళ్లిన ఎన్నో శతాబ్దాల తరువాత దానిని వెదుక్కుంటూ వచ్చినట్లు వచ్చింది. అప్పటికి ఆతిథేయి పంట లక్షల ఎకరాలలో పరచుకొని సిద్ధంగా ఉన్నది.

ఈ పురుగుపై తెలుగులో కరపత్రాలు చాలానే వెలువడినవి. వాటిలో అధికభాగం ఏ మందు ఎంత మోతాదులో పిచికారి చేయవలెనో చెప్పేవే. అవి అవసరమే. అయితే ఆక్రమణ కీటకం విషయంలో మందు పేరు కంటే ముందు తేలవలసిన ప్రశ్నలు మూడు ఉన్నవి. పురుగు ఏ దశలో ఉన్నది, నూటికి ఎన్ని మొక్కలపై ఉన్నది, తరువాతి తరం ఎన్నాళ్లకు వస్తుంది అనేవే ఆ ప్రశ్నలు. వీటికి సమాధానం పొలంలో లెక్కించి, ఉష్ణోగ్రతతో సరిచూచి తెలుసుకోవలసినదే. ముఖ్యంగా రబీ, యాసంగి మొక్కజొన్నకు ఈ లెక్క ఎందుకు ఎక్కువ అవసరమో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రాక, వ్యాప్తి

అమెరికా ఖండాలలోని ఉష్ణ, ఉపోష్ణ మండలాలు కత్తెర పురుగు పుట్టిల్లు. 2016 ఆరంభంలో పశ్చిమ ఆఫ్రికాలో తొలిసారి కనబడి, రెండేళ్లు తిరిగేసరికి సహారాకు దక్షిణాన ఉన్న దాదాపు అన్ని దేశాలకూ పాకింది. మన దేశంలో 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతంలో మొక్కజొన్నపై దీనిని గుర్తించారు. అదే సంవత్సరం తెలుగు రాష్ట్రాలలోనూ కనబడింది. 2019 జనవరిలో చైనాలోని యునాన్ రాష్ట్రానికీ, 2020లో ఆస్ట్రేలియాకూ చేరింది.

ఇంత వేగానికి కారణం దాని రెక్కల పురుగు ఎగురగల శక్తి. గాలి అనుకూలిస్తే ఒక్క రాత్రిలో వంద కిలోమీటర్ల వరకు ప్రయాణించగలదని చెబుతారు. ఒక ఆడ పురుగు తన జీవితకాలంలో సగటున 1500 వరకు గుడ్లు పెడుతుంది. ఇది 76 కుటుంబాలకు చెందిన 353 రకాల మొక్కలపై నమోదైంది. ఆ సంఖ్య చూచి భయపడనవసరం లేదు. మన దేశంలో ప్రధానంగా నష్టపోతున్నది మొక్కజొన్నే. జొన్న, చెరకు, సజ్జ, రాగి వంటి గడ్డిజాతి పంటలపైన కొంత మేరకు కనబడుతున్నది.

ఈ వ్యాసానికి అన్నిటికంటే ముఖ్యమైన లక్షణం మరొకటి ఉన్నది. కత్తెర పురుగుకు సుప్తావస్థ లేదు. చలికాలాన్ని నిద్రలో గడపడం దానికి చేతకాదు. గడ్డకట్టే చలిలో చచ్చిపోతుంది. అందువల్లనే అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఫ్లోరిడా, టెక్సాస్ దక్షిణ ప్రాంతాలలో మాత్రమే శీతకాలం గడిపి, ఏటా వేసవిలో ఉత్తరానికి వలసపోతుంది. అక్కడ ప్రతి సంవత్సరం చలి దాని సంఖ్యను తుడిచివేస్తుంది. మనకు అటువంటి చలి లేదు. ఆదిలాబాదులో డిసెంబరు రాత్రులు ఎంత వణికించినా ఈ పురుగు పెరుగుదల నెమ్మదిస్తుందే తప్ప ఆగదు. మన దగ్గర దాని సంఖ్యను తగ్గించగలిగేది చలి కాదు, ఆహారం లేని విరామమే.

పంటల క్యాలెండరు మారిన తీరు

వాతావరణ మార్పు అనగానే ఉష్ణోగ్రత, వర్షపాతం మాత్రమే తలపునకు వస్తాయి. కీటకం దృష్టితో చూస్తే పొలంలో ఏ నెలలో ఏ పంట ఉన్నది అన్నది కూడా వాతావరణమే. ఈ రెండవ మార్పు మన ప్రాంతంలో మొదటిదానికంటే వేగంగా జరిగింది.

ఒకప్పుడు మొక్కజొన్న తెలంగాణలో ప్రధానంగా వానాకాలపు మెట్ట పంట. తొలకరిలో విత్తి, పండించి, ఆపై నేలను వదిలేసేవారు. నేడు బోర్ల కింద, కాలువల కింద యాసంగి మొక్కజొన్న విస్తరించింది. కృష్ణా, గుంటూరు ప్రాంతాల మాగాణులలో వరి కోసిన తరువాత దుక్కి దున్నకుండానే తడి ఆరని నేలలో గింజలు నాటే పద్ధతి స్థిరపడింది. వరి కోతలు ఒకేసారి జరగవు కనుక ఈ విత్తడం కూడా నవంబరు నుంచి జనవరి వరకు సాగుతుంది. హైదరాబాదు వంటి నగరాల చుట్టూ తీపి మొక్కజొన్న, పశుగ్రాసపు మొక్కజొన్న ఏడాది పొడవునా ఉంటాయి. సంకర విత్తనోత్పత్తి క్షేత్రాలలో మగ, ఆడ వరుసలను వేర్వేరు తేదీలలో విత్తవలసి రావడంతో లేత మొక్క లభించే కాలం మరింత సాగుతుంది.

ఫలితంగా ఏ నెలలో చూచినా పది కిలోమీటర్ల వ్యాసార్ధంలో ఎక్కడో ఒకచోట మూడు వారాల మొక్కజొన్న పైరు ఉంటుంది. కత్తెర పురుగుకు కావలసినది సరిగ్గా అదే. ఒక పొలంలో పైరు ముదిరేసరికి పక్క పొలంలో లేత పైరు సిద్ధంగా ఉంటే తరం తరువాత తరం తెగకుండా సాగుతుంది. ఆలస్యంగా విత్తిన పొలంపైకి అందరి పొలాల పురుగూ వచ్చి వాలుతుంది. ఆ ఆలస్యపు పొలం తరచుగా ఎవరిది? ధాన్యం అమ్ముడై చేతికి డబ్బు వచ్చేదాకా విత్తనం కొనలేని చిన్న రైతుది, లేదా కౌలు కుదిరేసరికి జాగైన కౌలుదారుది. నష్టం ఎవరి పొలంలో ఎక్కువ అన్నది కీటకశాస్త్రం ఒక్కటే చెప్పగల విషయం కాదని ఇందువల్ల తెలుస్తుంది.

ఉష్ణోగ్రత లెక్క

కీటకాల శరీరానికి సొంత వేడి లేదు. చుట్టూ ఉన్న గాలి వేడిని బట్టి వాటి పెరుగుదల సాగుతుంది. ఒక కనీస ఉష్ణోగ్రత కంటే కింద పెరుగుదల నిలిచిపోతుంది. దానికి పైన ప్రతి రోజూ ఎన్ని డిగ్రీల వేడి అందితే అంత పెరుగుదల. ఇలా రోజువారీగా కూడబెట్టిన వేడిని దిన ఉష్ణాంశాలు అంటారు. దక్షిణ ఆఫ్రికాలో ఈ పురుగును మొక్కజొన్న ఆకులపై వేర్వేరు ఉష్ణోగ్రతలలో పెంచి చేసిన అధ్యయనం 2020లో వెలువడింది. దాని ప్రకారం గుడ్డు నుంచి రెక్కల పురుగు వరకు కనీస ఉష్ణోగ్రత సుమారు 12.5 డిగ్రీలు, కావలసిన మొత్తం సుమారు 390 దిన ఉష్ణాంశాలు. ఆ ప్రయోగంలో 18 డిగ్రీల వద్ద ఒక తరం పూర్తి కావడానికి 71 రోజులు పట్టగా, 32 డిగ్రీల వద్ద 20 రోజులే పట్టింది.

ఈ రెండు అంకెలతో మన పరిస్థితికి లెక్క వేయవచ్చు. రోజు సగటు ఉష్ణోగ్రత 22 డిగ్రీలుగా ఉన్న చోట, అనగా ఉత్తర తెలంగాణలో డిసెంబరు, జనవరి నెలలలో, పురుగుకు రోజుకు 9.5 ఉష్ణాంశాలు అందుతాయి. 390ని 9.5తో భాగిస్తే 41 రోజులు. సగటు 28 డిగ్రీలుగా ఉండే వానాకాలంలో రోజుకు 15.5 ఉష్ణాంశాలు అందుతాయి కనుక తరం 25 రోజులలో ముగుస్తుంది.

ఇప్పుడు రెండు కాలాలలోనూ సగటు ఒక్క డిగ్రీ పెరిగినదనుకొందాము. వానాకాలంలో 25 రోజుల తరం 23 రోజుల 15 గంటలవుతుంది. తేడా రోజున్నర మాత్రమే. రబీలో 41 రోజుల తరం 37 రోజులకు దిగుతుంది. తేడా నాలుగు రోజులు. అదే ఒక్క డిగ్రీ చల్లని కాలంలో పురుగుకు రెట్టింపు కంటే ఎక్కువ మేలు చేస్తున్నది. వాతావరణం వేడెక్కితే వేసవి పురుగు పెరుగుతుందని సాధారణంగా భావిస్తారు. ఈ లెక్క చూపేది వేరు. ఇన్నాళ్లు చలి కారణంగా కొంత రక్షణ పొందిన రబీ పంటే ఆ రక్షణను ముందుగా కోల్పోతుంది.

దీనికి పగటి ఎండ పెరగనవసరం కూడా లేదు. రోజు సగటు అంటే గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల సగటు. పగలు మారకపోయినా, మేఘావృతమై రాత్రి ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు పెరిగితే సగటు ఒక డిగ్రీ పెరిగినట్లే. డిసెంబరులో తుపాను మబ్బులు పట్టి చలి తగ్గినపుడు రైతులు పురుగు ఎక్కువైంది అనడంలో ఈ విధంగా కొంత శాస్త్రం ఉన్నది.

వేడికి పైరు కూడా త్వరగా ఎదుగుతుంది కదా అన్న సందేహం సహేతుకమే. మొక్కజొన్న కనీస ఉష్ణోగ్రతను సాధారణంగా 10 డిగ్రీలుగా తీసుకొంటారు. సగటు 22 నుంచి 23కి పెరిగితే మొక్కకు అందే ఉష్ణాంశాలు 12 నుంచి 13కి, అంటే 8 శాతం పెరుగుతాయి. పురుగుకు అందేవి 9.5 నుంచి 10.5కి, అంటే పదిన్నర శాతం పెరుగుతాయి. పందెంలో ఇద్దరూ వేగం పెంచుతారు గాని పురుగు కొంచెం ఎక్కువ పెంచుతుంది. ఈ తేడా స్వల్పమే. ఇది ప్రయోగశాల అంకెలపై ఆధారపడిన సరళరేఖ లెక్క అనీ, మొవ్వ లోపలి ఉష్ణోగ్రత వాతావరణ కేంద్రం నమోదు చేసిన దానితో సమానం కాదనీ గుర్తుంచుకోవలెను.

వర్షం ప్రభావం మరొక విధమైనది. గట్టి వాన పడినపుడు గుడ్ల సముదాయాలు, అప్పుడే పొదిగిన చిన్న పురుగులు కొట్టుకొనిపోతాయి. మొవ్వలో నిలిచిన నీటిలో కొన్ని మునిగి చస్తాయి. తొలకరి తరువాత దీర్ఘంగా వాన ముఖం చాటేస్తే ఆ సహజ నియంత్రణ తప్పుతుంది. రబీలో నీరు కాలువ ద్వారా నేలకు అందుతుందే గాని మొవ్వలోకి అందదు. కనుక ఆ పంటకు ఈ మేలు ఎప్పుడో గాని దక్కదు.

గుర్తింపు

తప్పుగా గుర్తిస్తే తరువాతి లెక్కలన్నీ వృథా. ఎదిగిన లద్దె పురుగు తలపై తెల్లని గీతలు తలకిందులైన ఆంగ్ల వై అక్షరం ఆకారంలో ఉంటాయి. తోక చివరి నుంచి రెండవ ఖండితంపై నాలుగు నల్లని చుక్కలు చతురస్రంగా అమరి ఉంటాయి. ఈ రెండూ కలిసి ఉంటే సందేహానికి తావు లేదు.

తొలి దశలలో ఈ గుర్తులు స్పష్టంగా కనబడవు. అప్పుడు నష్ట లక్షణాన్ని చూడవలెను. చిన్న పురుగులు ఆకుపచ్చని పదార్థాన్ని గోకి తినడం వలన ఆకుపై కాగితం వంటి తెల్లని పొర, చిన్న కిటికీల వలె మిగులుతుంది. ఎదిగినవి మొవ్వలో చేరి తినడం వలన ఆకులు విచ్చుకొన్నపుడు అంచులు చిరిగిన పెద్ద రంధ్రాలు, రంపపు పొట్టు వంటి తడి విసర్జన కనబడతాయి. కాండం తొలుచు పురుగు ఆశించినపుడు ఆకుపై గుండుసూది గుచ్చినట్లు చిన్న రంధ్రాలు ఒకే వరుసలో ఉంటాయి, మొవ్వ ఎండి చనిపోతుంది. ఈ రెండింటికీ చేయవలసిన పని వేరు. లింగాకర్షక బుట్టలలో కూడా కత్తెర పురుగు ఒక్కటే పడదు. ఇతర లద్దె పురుగుల మగ రెక్కల పురుగులు సైతం పడుతుంటాయి. ముందు రెక్కల కొన వద్ద తెల్లని మచ్చ ఉన్న వాటినే లెక్కలోకి తీసుకోవలెను.

కంటికి కనిపించే నష్టం, కొలిచిన నష్టం

కత్తెర పురుగు ఆశించిన పొలం చూడడానికి భయంకరంగా ఉంటుంది. గట్టు మీద నిలబడి చూచిన రైతుకు పంట పోయిందనే అనిపిస్తుంది. 2017లో ఘనా, జాంబియా దేశాలలో రైతులను అడిగి వేసిన అంచనాలలో దిగుబడి నష్టం వరుసగా 45, 40 శాతంగా తేలింది. ఆ తరువాత తూర్పు జింబాబ్వేలో పొలాలలోకి వెళ్లి మొక్కల నష్టాన్నీ దిగుబడినీ కొలిచి చూచిన అధ్యయనంలో నష్టం సుమారు 12 శాతంగా తేలింది. దేశాలు, సంవత్సరాలు వేరు కనుక ఈ అంకెలను పక్కపక్కన పెట్టి రైతులు అబద్ధమాడారనడం తగదు. ఆకుకు కలిగిన గాయాన్ని బట్టి గింజ నష్టాన్ని ఊహించడం మాత్రం నమ్మదగిన పద్ధతి కాదని ఇవి తెలియజేస్తున్నవి. మొక్కజొన్న మొవ్వ దశలో కొంత ఆకు కోల్పోయినా తేరుకోగల పైరు. తేరుకోలేనివి రెండు సందర్భాలు. మొలక దశలో మొవ్వ కుదురే తెగిపోవడం ఒకటి, కండె పీచులోకీ గింజలోకీ పురుగు దూరడం మరొకటి.

పురుగు ఎంత తింటుందన్న దానిపై ఉన్న పరిశోధన ఫలితం ప్రతి రైతుకూ తెలియవలసినది. దీనికి ఆరు లద్దె దశలు. జీవితం మొత్తంలో తినే ఆకులో మొదటి మూడు దశలూ కలిపి తినేది 2 శాతం లోపే. నాలుగవ దశ 4.7 శాతం, ఐదవది 16.3 శాతం, ఆరవది ఒక్కటే 77.2 శాతం తింటుంది. కాగితపు కిటికీలు కనబడిన నాడు జరిగిన నష్టం దాదాపు శూన్యం, ఆపగల నష్టం దాదాపు మొత్తం. పెద్ద రంధ్రాలు, రంపపు పొట్టు కనబడిన నాటికి తినవలసినదానిలో చాలా భాగం తినేసి, పురుగు త్వరలో నేలలోకి దిగి ప్యూపాగా మారబోతుంటుంది. పైగా అది మొవ్వలో తన విసర్జన అడ్డం పెట్టుకొని కూర్చున్నందున మందు తగలదు. మన పల్లెలలో అధికభాగం పిచికారీలు ఈ రెండవ సమయంలోనే జరుగుతున్నవని ఈ రచయిత అభిప్రాయం. ఖర్చు పూర్తిగా అవుతుంది, ఫలితం నామమాత్రం, ఆ తరువాత పురుగు దానంతట అదే కనబడకుండా పోయేసరికి మందు పని చేసిందనే నమ్మకం మిగులుతుంది.

లెక్కించే విధానం

మొలకెత్తిన వారం నుంచే పొలంలోకి వెళ్లవలెను. గట్టు పక్క వరుసలను వదిలి, పొలంలో వంకరటింకరగా నడుస్తూ ఐదు చోట్ల ఆగి, ఒక్కొక్క చోట వరుసగా 20 మొక్కల చొప్పున మొత్తం 100 మొక్కలను చూడవలెను. మొవ్వలో కొత్తగా వచ్చిన రెండు మూడు ఆకులపై తాజా నష్టం ఉన్న మొక్కలనే లెక్కించవలెను. పాత రంధ్రాలు విచ్చుకొన్న ఆకులపై పైరు ముదిరే వరకు ఉంటాయి. వాటిని లెక్కిస్తే పురుగు లేని పొలానికి కూడా మందు కొట్టవలసి వస్తుంది.

వంద మొక్కలలో పది అని తేలితే అసలు పొలంలో అది 4 నుంచి 16 శాతం మధ్య ఎక్కడైనా ఉండవచ్చునని గణాంకశాస్త్రం చెబుతుంది. ఒకే గుడ్ల సముదాయం నుంచి వచ్చిన పిల్ల పురుగులు దారపు పోగుల సాయంతో పక్క మొక్కలకే చేరుతాయి కనుక నష్టం గుంపులుగా ఉంటుంది. అందుచేత ఈ అనిశ్చితి ఇంకా ఎక్కువ. పరిమితికి దగ్గరగా అంకె వచ్చినపుడు మరి కొన్ని చోట్ల చూచి నిర్ణయించుకోవడం మేలు.

ఎన్ని రోజులకొకసారి చూడవలెను? ఇక్కడ ఉష్ణోగ్రత లెక్క పనికి వస్తుంది. లద్దె దశ మొత్తానికి కనీస ఉష్ణోగ్రత సుమారు 12 డిగ్రీలు, కావలసినవి సుమారు 200 దిన ఉష్ణాంశాలు. 22 డిగ్రీల వద్ద ఇది 20 రోజులు, 28 డిగ్రీల వద్ద 12 నుంచి 13 రోజులు. అందులో మొదటి మూడు దశలు సుమారు సగం కాలం తీసుకొంటాయి. అంటే మందు పని చేయగల వ్యవధి డిసెంబరు చలిలో పది రోజులు, వానాకాలంలోనూ మార్చి ఎండలలోనూ ఆరు రోజులు. చలిలో వారానికి ఒకసారి చూస్తే చాలు. వేడి కాలంలో వారానికి రెండు సార్లు చూడకపోతే రెండు పరిశీలనల నడుమనే పురుగు చేయి దాటిపోతుంది. శీతకాలం వెచ్చబడిన సంవత్సరంలో రబీలో కూడా వారానికి రెండు సార్లు చూడడం అవసరం.

సహజ శత్రువులు

ఆక్రమణ జాతి విజృంభణకు సాధారణంగా చెప్పే కారణం, అది తన శత్రువులను పుట్టినింట వదిలి రావడం. బొప్పాయి పిండినల్లి విషయంలో ఇది అక్షరాలా నిజమైంది. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో కనబడిన ఆ పురుగు బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం తోటలను దెబ్బతీసింది. 2010లో ప్యూర్టో రికో నుంచి అసెరోఫేగస్ పపాయే అనే చిన్న కందిరీగ జాతి పరాన్నజీవిని తెప్పించి విడుదల చేయగా కొద్ది కాలంలోనే అదుపులోకి వచ్చింది. ఒక పరాన్నజీవి, ఒక పురుగు, సమస్య ముగిసింది.

కత్తెర పురుగు కథ అంత సరళం కాదు. ఇది వలసపోయే పురుగు కనుక ఒక్క శత్రువుతో కట్టడి కాదు. అయితే దీనికి ఇక్కడ శత్రువులు లేకపోలేదు. టెలినోమస్ రీమస్ అనే గుడ్డు పరాన్నజీవిని 1960లలో న్యూగినియా నుంచి మన దేశానికి తెచ్చినది పొగాకు లద్దె పురుగు కోసం. అర్ధ శతాబ్దం తరువాత అదే కుటుంబపు పరదేశి రాగా, ఆ కందిరీగ దాని గుడ్లను కూడా వెదికి పట్టుకొన్నది. ట్రైకోగ్రామా జాతులు, చెవిదూరు పురుగులు, సాలెపురుగులు సైతం తమ వంతు పని చేస్తున్నవి. తేమ ఎక్కువగా ఉన్న రోజులలో మెటరైజియం రైలీ అనే శిలీంధ్రం సోకి, లేత ఆకుపచ్చ పొడి చల్లినట్లు బిగుసుకొని చచ్చిన లద్దె పురుగులు పొలాలలో కనబడతాయి. ఆ శవాలున్న పొలంలో మందు కొట్టడం అనవసరం.

గుడ్డు దశలోనే పురుగును ఆపగల జీవులు ఇవి. మొలక దశలో ముందు జాగ్రత్త పేరుతో చల్లే విస్తృత ప్రభావం గల మందులు మొదట చంపేది వీటినే.

యాజమాన్యం

విత్తే ముందు సయాంట్రానిలిప్రోల్ 19.8 శాతం, థయోమిథాక్సామ్ 19.8 శాతం కలిసిన మందును కిలో విత్తనానికి 4 నుంచి 6 మి.లీ. చొప్పున పట్టించితే మొలకెత్తిన తరువాత రెండు మూడు వారాలు రక్షణ ఉంటుంది. ఆలస్యంగా విత్తవలసి వచ్చిన వారు దీనిని వదులుకోరాదు. కంది, మినుము వంటి అపరాలను అంతర పంటగా వేయడం, పొలం చుట్టూ మూడు నాలుగు వరుసల నేపియర్ గడ్డి పెంచడం, మొదటి 30 రోజులు ఎకరానికి 10 పక్షి స్థావరాలు నిలపడం ఖర్చు తక్కువ పనులు. ఎకరానికి 5 లింగాకర్షక బుట్టలు పెట్టి, బుట్టకు 3 రెక్కల పురుగులు పడిన నాటి నుంచి టెలినోమస్ లేదా ట్రైకోగ్రామా పరాన్నజీవులను ఎకరానికి 50,000 చొప్పున వారానికొకసారి విడుదల చేయవచ్చును. బుట్టలో పడినది మగ పురుగు మాత్రమే. అది లెక్క మొదలుపెట్టమనే సూచన, మందు కొట్టమనే సూచన కాదు.

మొలక నుంచి తొలి మొవ్వ దశ వరకు తాజా నష్టం 5 శాతానికి చేరితే 5 శాతం వేపగింజల కషాయం లేదా 1500 పి.పి.ఎం. అజాడిరక్టిన్ లీటరు నీటికి 5 మి.లీ. చొప్పున పిచికారి చేయవలెను. గుడ్లు పొదగకుండా చేయడానికీ, తొలి దశ పురుగులకూ ఇది సరిపోతుంది. గుడ్ల సముదాయాలు కనబడితే ఆకుతో సహా తుంచి నలిపివేయడం కంటే మంచి మందు లేదు. నడి మొవ్వ దశలో నష్టం 10 నుంచి 20 శాతం దాటి, పురుగులు రెండు మూడు దశలలో ఉన్నపుడు క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 శాతం ద్రావణం లీటరుకు 0.4 మి.లీ. లేదా స్పైనెటోరామ్ 11.7 శాతం ద్రావణం లీటరుకు 0.5 మి.లీ. మొవ్వలో పడేటట్లు పిచికారి చేయవలెను. ఒకే మందును వెంటవెంటనే వాడరాదు. ఈ పురుగు ప్యూర్టో రికోలో బి.టి. మొక్కజొన్నలోని క్రై 1 ఎఫ్ విషాన్ని కొన్ని సంవత్సరాలలోనే జయించింది.

ఐదవ, ఆరవ దశ పురుగులపై పిచికారీ కంటే విషపు ఎర మేలు. 10 కిలోల తవుడు, 2 కిలోల బెల్లం, 2 నుంచి 3 లీటర్ల నీటితో కలిపి 24 గంటలు పులియనిచ్చి, పొలంలో వేయడానికి అరగంట ముందు 100 గ్రాముల థయోడికార్బ్ కలిపి, చిన్న ఉండలుగా మొవ్వలలో వేయవలెను. ఈ పరిమాణం ఎకరానికి సరిపోతుంది. చేతి తొడుగులు తప్పనిసరి. ఎర వేసిన పొలంలోకి పశువులనూ కోళ్లనూ రానీయరాదు. జల్లు వచ్చిన తరువాత పిచికారీ లాభసాటి కాదు. మనిషి ఎత్తు పైరులో మందు మొక్కపై కంటే కొట్టేవాడి ముఖంపైనే ఎక్కువ పడుతుంది. పచ్చి కండెలకు, పశుగ్రాసానికి వేసిన పంటలో మందు కొట్టిన తరువాత డబ్బాపై సూచించిన వ్యవధి గడవనిదే కోయకూడదు.

ఊరంతటి లెక్క

ఇంతవరకు చెప్పినది ఒక పొలానికి. అయితే వరి మాగాణిలో మొక్కజొన్న వేసిన రైతు పొలంలోకి పురుగు అతని నేల నుంచి రాదు. అంతకు ముందు అక్కడ నీరు నిలిచిన వరి ఉన్నది. రెక్కల పురుగు వచ్చినది ముందుగా విత్తిన మరొక పొలం నుంచే. అతడు తన పొలంలో ఎంత శ్రద్ధ వహించినా మూలం అతని చేతిలో లేదు. ఒక కాలువ కింది పొలాలలో, లేదా ఒక గ్రామంలో, పది పదిహేను రోజుల వ్యవధిలో విత్తడం పూర్తయితే లేత పైరు లభించే కాలం కుదించుకుపోతుంది. 22 డిగ్రీల వద్ద 41 రోజులు పట్టే తరం పూర్తయ్యేసరికి అందరి పైరూ లేత దశ దాటుతుంది. అదే విత్తడం రెండు నెలలు సాగితే, మొదటి పొలంలో పుట్టిన తరం చివరి పొలం మొలకలపై వాలుతుంది. వరి కోత యంత్రాల లభ్యత, కాలువ నీటి విడుదల తేదీ, పెట్టుబడి అందే సమయం, ఈ మూడింటిపైనే ఆ పదిహేను రోజులు ఆధారపడి ఉన్నవి. ఇవి కీటకశాస్త్ర విభాగపు పరిధిలోనివి కావు. అయినా కత్తెర పురుగు యాజమాన్య సమావేశాలకు నీటిపారుదల అధికారులను పిలవడం అవసరమని ఈ లెక్క సూచిస్తున్నది.

మొక్కజొన్న తరువాత మళ్లీ మొక్కజొన్ననే వేసే మెట్ట, బోరు భూములలో పరిస్థితి వేరు. ప్యూపా నేలలో 2 నుంచి 8 సెం.మీ. లోతున ఉంటుంది. కోత కాగానే లోతుగా దున్నితే అవి పైకి వచ్చి ఎండకూ, కొంగలకూ, గోరువంకలకూ బలి అవుతాయి. దుక్కి లేని సాగు తేమను, ఖర్చును ఆదా చేస్తుంది గాని ఈ అవకాశాన్ని తీసివేస్తుంది. వరి తరువాతి మొక్కజొన్నకు తదుపరి ఖరీఫ్ దమ్ములో నేల నీట మునుగుతుంది కనుక దుక్కి లోపం అంతగా తెలియకపోవచ్చు. మొక్కజొన్న వెంట మొక్కజొన్నగా సాగే దుక్కి లేని భూములలో ఎన్ని ప్యూపాలు బ్రతికి బయటపడుతున్నవో, కోత తరువాత చదరపు మీటరు మట్టిని జల్లించి లెక్కించే చిన్న ప్రయోగం ప్రతి పరిశోధనా స్థానంలోనూ ఒక విద్యార్థి ఒక్క రబీలో పూర్తి చేయగలిగినది. దానితో పాటు అదే క్షేత్రంలో మొవ్వ లోపలి ఉష్ణోగ్రతను గంటగంటకూ నమోదు చేస్తే, పైన వేసిన 41 రోజుల లెక్కను మన పొలంలో సరిచూచుకోవచ్చు.